పేరు లేని సర్వీసు

పదిమంది కంప్యూటర్లు బాగుచేసే నేను, ఆ వాన రాత్రి నత్తనడక నడుస్తున్న నా సొంతదాన్ని ముందేసుకున్నాను. లోపల తెరవెనక ఊరికే నడిచే చిన్న ప్రోగ్రాముల్ని, అంటే సర్వీసుల్ని, ఒక్కొక్కటే ఆపుతూ, ఆపినదాని పేరు కాగితం మీద రాసుకోవడం నా అలవాటు. ప్రింటర్‌ది ఆపాను. ఫ్యాక్స్‌ది ఆపాను. తర్వాతి దానికి పేరే లేదు. కాగితం మీద ఒక వరస ఖాళీ వదిలి, దాన్నీ ఆపాను.

బయట వాన చప్పుడు ఆగిపోయింది.

కిటికీ తీశాను. వీధిదీపం కింద లెక్కలేనన్ని చినుకులు గాలిలోనే నిలబడి మెరుస్తున్నాయి. ఎంత అందం! నాకు తెలియకుండానే చేతులు జోడించాను. తర్వాత గబగబా వచ్చి ఆ పేరు లేనిదాన్ని మళ్లీ నడిపించాను. వాన కురిసింది.

తెరమీది జాబితాలో దాని కింద పేరు లేనివి ఇంకా వందలున్నాయి. అన్నీ నడుస్తున్నాయి.

పక్కగదిలోంచి మా ఆవిడ నిద్రమత్తులో కేకేసింది.

"ఇంకా ఎంతసేపండీ? ఆ కంప్యూటర్ ఆపేసి వచ్చి పడుకోండి."