సర్పంచి గారి బొటనవేలు

మరిడమ్మ ఎడమ బొటనవేలికి తొడిగిన నిమ్మకాయనీ, దాని మీది గుడ్డ కట్టునీ చూసి భద్రిరాజు గారికి ఒళ్లు మండింది.

గోరుచుట్టు లేచిందండి, రెండు రోజుల్నించి కునుకు లేదండి అని ఆవిడ గుమ్మం అవతల నిలబడే చెప్పింది.

మరిడమ్మ ఆ ఇంట్లో అంట్లు తోముతుంది. ఆ ఊరి సర్పంచి కూడా ఆవిడే. పంచాయతీ కుర్చీల్లో ఆడవాళ్లకి వాటా ఉండాలని రాజ్యాంగంలోనూ, వెనుకబడిన కులాలకీ ఉండాలని రాష్ట్ర చట్టంలోనూ రాసేసరికి, 1995లో ఆ పదవి రాజుగారి చేయి దాటింది. దాటితే ఏం? తన పెరట్లో మనిషినే నిలబెట్టి గెలిపించుకున్నారు. చదువు రాదు, నోరు లేదు. కాగితం పెడితే ఆ ఎడమ బొటనవేలి ముద్ర వేసి మళ్లీ అంట్ల దగ్గరికి పోతుంది.

సిగ్గులేని మనిషని మత్స్యకారుల పేటలో ఆవిడ మొహానే అనేవారు. అనరా మరి? ఆవిడ మొగుడు గంగయ్య, రాజుగారి రొయ్యల చెరువు గట్టున కరెంటు తీగ తగిలి పోయాడు. దొంగతనానికొచ్చాడని రాసి కేసు మూసేశారు. పాపం, అతను ఆ గట్టు మీదుగా వెళ్లింది పేటకి మంచినీళ్లు తేవడానికి. ఆ కావిడి ఇంకా మరిడమ్మ చూరులోనే ఉంది.

ఇవాళ్టి కాగితం, పేటకి మిగిలిన ఒక్క మంచినీళ్ల చెరువునీ రొయ్యల సాగుకి రాజుగారికే ఇచ్చేస్తూ పంచాయతీ తీర్మానం.

"జనం ఆరోగ్యం చూడ్డం ప్రభుత్వం పనని రాజ్యాంగంలో ఉందటండి. పంచాయతీ కూడా ప్రభుత్వమేనటండి. ప్రమాణం రోజున ఎండీవో గారు చెప్పారు," అంది మరిడమ్మ మెల్లగా.

"రాజ్యాంగం వచ్చి నీళ్లు మోస్తుందేంటే?" అన్నారు రాజుగారు.

సాయంత్రంలోగా కాగితం మండలాఫీసుకి చేరాలి. కట్టు విప్పమన్నారు. ఆవిడ బాధగా మూలిగి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆయనకి ఓపిక నశించింది. ఇదివరకూ ఓసారి ఆవిడ బదులు తనే ముద్ర వేసేసి, ఆవిడ అంట్లు తోముతుండగానే పేకాటలో చెప్పుకుని నవ్విన మనిషి.

"ఏ వేలైతే ఏంటి, నల్లటి మచ్చేగా!" అని తన బొటనవేలే ఇంకులో అద్ది నొక్కేశారు.

మూడు నెలలు తిరక్కుండా పోలీసు జీపొచ్చింది. ఆ ముద్ర తనది కాదని సర్పంచి స్వయంగా కలెక్టరు గారికి ఫిర్యాదు చేసింది. అది భద్రిరాజు గారిదేనని వేలిముద్రల నిపుణులు తేల్చారు. ఆ రోజు సర్పంచి వేలికి నిమ్మకాయ ఉందని ఊరు ఊరంతా సాక్ష్యం చెప్పింది. తీర్మానం రద్దయింది, చెరువు పేటకి దక్కింది.

జీపెక్కుతూ రాజుగారు ఆవిడకేసి కొరకొరా చూశారు. నా ఇంటి కూడు తిని నాకే ద్రోహం చేస్తావా అన్నారు.

"ఆ గోరుచుట్టే లేకపోతే నేనే వేసేదాన్ని కదండీ రాజుగారూ," అంది మరిడమ్మ, అందరూ వినేలా.

కాగితం మీద ఆయన వేలు పడ్డ రోజే మరిడమ్మ ఇంటికెళ్లి, చీమూ నెత్తురూ చుక్కయినా అంటని ఆ నిమ్మకాయని వేపుడు చేప ముక్కల మీద పిండుకుని, గంగయ్య పోయాక మొదటిసారి కడుపునిండా అన్నం తింది.