ఐదు గొంతుల మామయ్య

“మామయ్యా, నీకు పుణ్యముంటుంది. లోపల మాత్రం నోరు విప్పకు,” అన్నాడు ఆంతాండు, పరీక్ష హాలు గుమ్మం దగ్గర.

“దగ్గొస్తేనో?” అన్నాడు అంబాడియో, కొత్త నీలం బూబూ అంగీ ముడతలు సర్దుకుంటూ.

“దగ్గు కూడా వద్దు. నీ దగ్గు మూడో అధ్యాయంలో ఉంది.”

ఆ మూడో అధ్యాయమే ఆంతాండు గుండెల మీద బండ. బండియాగరా కొండల్లో పన్నెండుమంది ముసలివాళ్ళ మాటలు రికార్డు చేసి, వాళ్ళ పలుకులోని ఎత్తుపల్లాల మీద డాక్టరేట్ కోసం ఏడేళ్ళు పరిశోధన చేశాడు. తిరుగు ప్రయాణంలో పడవ ఒరిగి, ఐదుగురి గొంతులు సంచీతో సహా నైజర్ నదిపాలయ్యాయి. మళ్ళీ వెళ్దామంటే అటువైపు గొడవలతో దారులు బాగాలేవు. చేసేది లేక, బమాకోలో బట్టలు కుట్టుకునే మేనమామని కూర్చోబెట్టి, ఐదు పేర్లతో ఐదు గొంతులు పలికించాడు. మామయ్య ఆ పని మరీ మనసు పెట్టి చేశాడు. పళ్ళూడిన తాతకి ఒక గొంతు, ఆయాసం మనిషికి ఒకటి, చెవిటి ముసలమ్మకి ఇంకొకటి. ఆ ముసలమ్మ గొంతు విని అత్తయ్యే భయపడింది.

సిద్ధాంత గ్రంథంతోపాటు ఆ రికార్డులన్నీ కూడా ప్రధాన పరీక్షకుడికి పంపాలి. ఆ పరీక్షకుడు మోప్తి నుంచి వచ్చే ప్రొఫెసర్ ఫమంటా. ఆయనవి పాము చెవులని భాషాశాస్త్ర విభాగమంతా చెప్పుకుంటుంది. పోయినేడు ఒకమ్మాయి రాసిన దాంట్లో ఒక్క దొంగ ఉదాహరణ పట్టుకున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు బజారులో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటోంది. ఇవాళ గట్టెక్కితే ఆంతాండుకి ఇదే విభాగంలో ఉద్యోగం. దొరికిపోతే ఏడేళ్ళూ ఏట్లో పోసినట్టే.

వారం రోజులు నిద్ర లేకుండా ఆలోచించగా ఒకే ఒక్క దారి తోచింది. తను దోగోన్. ఫమంటా బోజో. కొండల మీద ఉల్లి పండించే దోగోన్లకీ, ఏట్లో చేపలు పట్టే బోజోలకీ తాతల కాలం నుంచీ మాంగు అనే పరాచికాల వరస ఉంది. ఎదురుపడితే తిట్టుకోవలసిందే. తిట్లు తిన్నవాడు నవ్వవలసిందే. కోపం తెచ్చుకున్నవాడి పరువు గంగలో కలుస్తుంది. ఇక తన మాంగుకి, అంటే ఆ వరసైనవాడికి, కీడు తలపెట్టడమంటే మహాపాపం. బావామరదుల మధ్య కూడా అంత చనువుండదు.

హాలు నిండా చుట్టాలే. ముందు వరసలో శుభకార్యాల్లో పంచే కోలా కాయల బుట్ట పెట్టుకుని అమ్మ, ఆమె పక్కన పెదవులు బిగించుకుని మామయ్య. వేదిక మీద మిగతా ఇద్దరు పరీక్షకుల మధ్య ఫమంటా. రాత్రంతా బస్సులో నలిగిన సూటుతోనే వచ్చాడు. నాలుగు వందల పేజీల గ్రంథం మీద అరచెయ్యి వేసి, అట్ట వంకే కళ్ళార్పకుండా చూస్తున్నాడు. మాటిమాటికీ చెమట తుడుచుకుంటున్నాడు. ఆ వాలకం చూసి, దొరికిపోయాననే అనుకున్నాడు ఆంతాండు.

“ముందు నీ పరిశోధన ఏమిటో నీ మాటల్లో చెప్పు,” అన్నాడు ఫమంటా. “తొందరేం లేదు. వివరంగా చెప్పు.”

“చెబుతాను సార్. ముందు ఆ కిటికీ తెరిపించండి. తమరొచ్చిన దగ్గర్నుంచీ హాలంతా ఎండుచేపల కంపు!”

ఆంతాండుకి గైడైన సిసే మేడమ్ చేతిలో కలం జారి కింద పడింది. ఫమంటా మెల్లగా తలెత్తి ఆంతాండుని చూశాడు, తల దించి అట్ట మీది ఇంటిపేరు చూశాడు.

“కస్సొగే! దోగోన్‌వా!” ఆయన ముఖం చాటంత అయింది. “అదీ సంగతి. గుమ్మంలో అడుగు పెట్టగానే కళ్ళెందుకు మండాయా అనుకున్నా. పరీక్షకి ఉల్లిపాయని నిలబెట్టారన్నమాట!”

హాలు గొల్లుమంది.

“మా ఉల్లి పడకపోతే మీ చేపని పిల్లి కూడా ముట్టదు సార్.”

“మేం పడవెక్కించకపోతే మీరింకా ఆ కొండల్లో గబ్బిలాలతో కాపరం చేస్తుండేవాళ్ళు కదరా!”

అలా మొదలైంది. ఫమంటా కుర్చీలోంచి లేచి మరీ తిట్టాడు. ఆంతాండు బల్ల గుద్ది మరీ తిప్పికొట్టాడు. అరగంట గడిచింది, ముప్పావు గంట గడిచింది. అంతసేపూ బిగబట్టుకున్న అంబాడియో ఇక ఆగలేకపోయాడు.

“ఓయ్ బోజో! ఈత రాక మునిగిపోతున్న మీ తాతని మా తాత జుట్టు పట్టి లాగాడు, మర్చిపోయావా?”

ఫమంటా చటుక్కున ఆగాడు. “ఎవరిదా గొంతు?”

ఆంతాండు పైప్రాణాలు పైనే పోయాయి. “మా... మా మేనమామ సార్.”

“ఆహా, ఏం గొంతయ్యా! ఇలాంటి గొంతు నా జన్మలో వినలేదు.”

ఆంతాండు ఊపిరి పీల్చుకున్నాడు. ఎందుకు బతికిపోయాడో మాత్రం అర్థం కాలేదు.

సిసే మేడమ్ గడియారం చూసింది. “సార్, ప్రశ్నలేమైనా...”

“ప్రశ్నలా? మాంగుని ఏడిపిస్తే నా వలలో ఇక చేప పడుతుందా మేడమ్? అత్యున్నత శ్రేణి రాసెయ్యండి.” ఫమంటా చకచకా సంతకం పెట్టేశాడు. పెద్దాయన పెట్టాక మిగతావాళ్ళు మాత్రం కాదంటారా? అమ్మ లేచి హాలు అదిరేలా కూత పెట్టింది.

ఆవరణలో విందు. వేయించిన చేపలు, ఉల్లిపాయల పులుసు, అన్నం. అందరూ డాక్టర్ కస్సొగే, డాక్టర్ కస్సొగే అంటుంటే ఆంతాండుకి ముద్ద దిగడం లేదు. కీడు చెయ్యకూడదన్న వరసని అడ్డం పెట్టుకుని, నమ్మిన మాంగుని మోసం చేశాడు. అంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంది? పళ్ళెం పక్కన పెట్టి, వేపచెట్టు కింద ఒంటరిగా తింటున్న ఫమంటా దగ్గరికి వెళ్ళాడు.

“సార్, ఇప్పుడు నన్ను నిజంగా తిట్టండి. డాక్టరేట్ వెనక్కి తీసుకున్నా సరే. మూడో అధ్యాయంలో ఆ ఐదుగురూ మా మామయ్యే. మీరు పట్టేస్తారన్న భయంతోనే ఆ తిట్లు మొదలుపెట్టాను.”

ఫమంటా చేతిలో ముద్ద ఆగిపోయింది. అటూ ఇటూ చూశాడు. దగ్గరికి జరిగి, గొంతు బాగా తగ్గించాడు.

“అందులో మూడో అధ్యాయం కూడా ఉందా?”