మేడ ఉన్న ఇల్లు

పైవాటాలో ఉండే మా ఓనరు ఆంటీ పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో ట్యాబు. వరదొస్తే ఏ ఇంటికి ఎంత ముప్పో లెక్కగట్టే సర్వేలో ఆవిడకి మా వీధే పడింది. రోజూ "ఇదిగో అమ్మాయ్" అని కేకేసే మనిషి ఆ పూట "మీరు" అంటుంటే నవ్వాపుకోలేక చచ్చాను.

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"మీకు తెలియనిదేముంది ఆంటీ? నేను, చంటిది, మంచం దిగలేని మా అత్తయ్య. ఆయనకి రాత్రి డ్యూటీలాయె."

ఒక్కో జవాబూ నొక్కేకొద్దీ ట్యాబులో మా ఇల్లు ఎర్రబడుతూ వచ్చింది. నేను ఇంకా దగ్గరికి జరిగి తొంగిచూశాను.

"కంగారుపడకండి, ఇంకో ప్రశ్న ఉంది. ఇంటికి పై అంతస్తు ఉందా?"

"మీరుండేది అందులోనేగా!"

నొక్కింది. ఎరుపు పోయి పచ్చరంగు వచ్చింది.

"చూశారా, మీకు భయం లేదు. నీళ్లొస్తే పైకెక్కేస్తారు."

"అర్ధరాత్రి వస్తేనో?"

"రాత్రా పగలా అని ఇందులో అడగరండీ."

ట్యాబు సంచిలో పెట్టేసరికి పాత గొంతు తిరిగొచ్చింది.

"ఇదిగో అమ్మాయ్, నిన్న మళ్లీ నా డాబా మీద పిల్ల బట్టలు ఆరేశావు. చెప్తే వినవు కదా! ఇవాళ్టి నుంచి కింద మెట్ల గేటుకి తాళం వేసేస్తున్నా."

చెప్పినట్టే వేసింది. ఆ చప్పుడు మా గదిలోకి వినిపించింది.

మంచం మీంచి అత్తయ్య అడిగింది. "ఏమందే? మనకేం పర్లేదంటనా?"

"పర్లేదంట అత్తయ్యా," అన్నాను. "పచ్చరంగొచ్చింది."