రణధీరుడి నడక

వీడియోగేముల్లో బటన్లు నొక్కే రోజులు పోయి, ఆటలన్నీ ఒంటితోనే ఆడే కాలం వచ్చింది. సాయంత్రమైతే అపార్ట్‌మెంటంతా గంతులే.

సత్యవేణి బడికెళ్ళే రోజుల నుంచీ 'మణిదీవి' ఆడుతోంది. చిన్నప్పుడు ప్రమాదంలో చచ్చుబడిన కుడికాలిని మరిచిపోయి, చేతి బొటనవేళ్ళతోనే అందులోని వీరుడు రణధీరుణ్ణి లేడిలా పరుగెత్తించేది.

ఇప్పుడు ఒంటితో ఆడే పన్నెండో భాగం వచ్చింది. ఆమె ఆట చాపమీద అడుగు వేయగానే తెరమీద రణధీరుడూ కుంటుతూ నడిచాడు. అచ్చం ఆమెలాగే మోకాలిమీద చెయ్యి ఆనించాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

చిక్కుడుకాయలు తుంచుతున్న కూతురు ధాత్రి అది గమనించింది. "సెట్టింగుల్లో నడక సరిచేసుకోవచ్చమ్మా. మార్చీమంటావా?"

"ఉండవే. ముందు వంతెన దాటనీ."

తెరమీద తాళ్ళవంతెన ఊగిపోతోంది. ముందు పరుగెత్తిన భటులు పట్టుతప్పి లోయలో పడ్డారు. సత్యవేణి మోకాలు అదిమిపట్టి, ఒక్కో అడుగూ నిలదొక్కుకుంటూ నడిచింది. రణధీరుడు అవతలికి చేరాడు. ఎదురుగా కోట, లోపల రాజుగారి కొలువు.

"ఇప్పుడు మార్చీనా?" అంది ధాత్రి.

సత్యవేణి చెంగుతో చెమట తుడుచుకుంది.

"వద్దే. రాజు ముందుకి కూడా ఇలాగే ఎల్తాం, ఇద్దరం."