ఒక్క చుట్టు ఎక్కువ

బోల్టు విరిగింది.

విరగదూ మరి! ఒక్కో బోల్టు బిగిసినప్పుడల్లా మేడమీది ఆడవాళ్లు నాలుకలాడిస్తూ పెళ్లికేకలు వేస్తుంటే షౌకీకి హుషారెక్కింది. ఆఖరి బోల్టు బిగిసినా ఆగక ఇంకో చుట్టు తిప్పాడు. తల ఊడి చేతిలోకొచ్చింది. మిగతా ముక్క ఇంజన్‌లోనే ఉండిపోయింది. అది రాకపోతే గేర్‌బాక్స్ నిలవదు.

పెళ్లి ఈ సాయంత్రమే. చనిపోయిన నాన్న నడిపిన ఈ కారులో తప్ప గడప దాటనని చెల్లెలు నజ్లా మొండికేసింది.

షౌకీ డ్రిల్లు అందుకున్నాడు.

"తొలచొద్దన్నా, ఇంజన్‌లో బోల్టు పట్టే మర పాడైపోద్ది."

తలెత్తి చూస్తే ఎవరో మనిషి. నున్నగా గీసిన గడ్డం, మాసిన చొక్కా.

"నువ్వెవరివోయ్?"

"ఇటు పోతూ చూశాను. మా నాన్నదీ మెకానిక్ షెడ్డే."

అడక్కుండానే కారు కిందికి దూరాడు. సన్న ఉలి విరిగిన ముక్క అంచున ఆనించి, చిన్న సుత్తితో అది వెనక్కి తిరిగేలా తట్టసాగాడు.

"బిగిస్తుంటే విరిగింది కదా, లోపల పెద్దగా పట్టి ఉండదు. బతిమాలితే వచ్చేస్తుంది."

"షౌకీ, అయిందా?" పిట్టగోడ మీంచి తఫీదా అత్త వంగింది.

ఆ మనిషి కాళ్లు కూడా లోపలికి లాక్కున్నాడు.

"ఆడవాళ్లంటే అంత సిగ్గేంటయ్యా?" నవ్వాడు షౌకీ. "మా పెళ్లికొడుకూ నీలాంటి సిగ్గరేనేమో. లెక్కల మాస్టారట. నేను ఓడ దిగింది నిన్ననే, ఫొటోలో గడ్డమే చూశాను, మనిషిని చూళ్లేదు. ఆచారం ప్రకారం సాయంత్రం దాకా పెళ్లికూతురి వీధిలో అడుగు పెట్టకూడదు కదా, ఈపాటికి హమ్మాంలో ఒళ్లు రుద్దించుకుంటుంటాడు."

"అదృష్టవంతుడు."

"సుద్దముక్క తప్ప ఏం పట్టుకుని ఉంటాడు? అలాంటి మెత్తటి చేతుల్లో చెల్లెల్ని పెట్టాలంటే భయంగా ఉందయ్యా."

ఉలి జారింది. బొటనవేలు తెగింది.

షౌకీ తన నీలి గళ్ల రుమాలు చింపి కట్టు కట్టాడు. ఆ మనిషి మళ్లీ తట్టాడు. ముక్క కదిలింది, తిరిగింది, చివరికి వేళ్లతోనే ఊడొచ్చింది.

కొత్త బోల్టు బిగించారు. మేడమీద కేకలు మిన్నంటాయి.

"ఇంకో చుట్టు వద్దన్నా," అన్నాడు ఆ మనిషి.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

"సాయంత్రం పెళ్లికి రా. వెనక వరసలో కూర్చోబెట్టి కడుపునిండా పెట్టిస్తాను."

"రాకపోతే ఊరుకుంటారా?" అంటూ ఆ మనిషి గోడ పక్కనుంచి గబగబా వెళ్లిపోయాడు.

సాయంత్రం కారు వెన్నలా సాగింది. షౌకీ అద్దంలో వెనక సీటు చూసుకుని మురిసిపోతూ నడిపాడు. నాన్న కారు, నాన్న కూతురు.

"పేరైనా అడగలేదే," అన్నాడు. "బంగారంలాంటి మనిషి. నీకు అలాంటివాణ్ణి చూడాల్సింది."

వెనక సీట్లో నజ్లా మేలిముసుగులో కిసుక్కున నవ్వింది.

పెళ్లి పందిరి ముందు డప్పులు మోగుతున్నాయి. షౌకీ కారాపి వెనక వరసలన్నీ వెతికాడు. ఆ మనిషి కనిపించలేదు.

ఈలోగా సూటు వేసుకున్న పెళ్లికొడుకు వచ్చి కారు తలుపు తీశాడు.

నజ్లా వైపు చాచిన అతని చేతి బొటనవేలికి నీలి గళ్ల రుమాలు ముక్క కట్టి ఉంది.