మేక అమీను

ఆండాలమ్మ పిల్లల కోసం రాసిన కథల పుస్తకం అచ్చయిన నెలకే, లాల్‌దర్వాజాలోని ఆమె ఇంటికి పోలీసు అమీను అబ్దుల్ వాహెద్ వచ్చాడు. అందులోని మేక కథలో ఆమె సర్కారును వెక్కిరించిందని ఎవరో అర్జీ పెట్టారట. నిజమని తేలితే పుస్తకాలన్నీ జప్తే.

"నాకు తెలుగు చదువరాదు. మేక కథ మీరే చదివి వినిపియ్యండ్రి," అని కుర్చీలో కూర్చున్నాడు.

ఆ కథలో మేక అమీను నౌకరీలో చేరి, జనం తెచ్చిన అర్జీలన్నీ నమిలేస్తుంది. ఆండాలమ్మ పుస్తకం తెరిచి, అక్షరాల వైపు చూస్తూనే కథ మార్చేసింది.

"అనగనగా ఒక మంచి మేక. పొద్దున్నే దేవునికి దండం పెట్టి గడ్డి మేసేది..."

"గడ్డి ఎక్కడ మేసిందమ్మా? అర్జీలు మేసింది గదా!"

ఆమె టక్కున పుస్తకం మూసేసింది.

"మా బిడ్డ వారం దినాల సంది రోజూ చదివి వినిపిస్తున్నది. నన్ను చూస్తే 'మే' అంటున్నది," అన్నాడు అమీను. "ఫికర్ చెయ్యకుండ్రి. పిల్లల కథ, తప్పేం లేదని నిన్ననే రాసి పంపిన."

"మరి నన్నెందుకు చదువుమన్నరు?"

అమీను గొంతు తగ్గించాడు. "మా పుస్తకంల ఆఖరి పేజీ చినిగిపోయింది. ఇంతకూ ఆ మేక నౌకరీ ఉన్నదా, ఊడిందా?"