బావమరిది బిగించిన అద్దం

కొత్త షోరూము ముందు అద్దానికి గాలి పరీక్ష జరుగుతోంది; అంచుల్లోంచి కాస్త గాలి దూరినా ఫెయిలే. దాన్ని బిగించిన ఫిట్టరు వీధిలో నిలబడ్డాడు. పరీక్షించే ఇన్‌స్పెక్టరు లోపలున్నాడు. ఆయన ఫిట్టరుకి సొంత అక్క మొగుడు. నలుగురూ ఏమైనా అనుకుంటారని ఇప్పటికే రెండుసార్లు ఫెయిల్ చేశాడు. మూడోసారీ పోతే ఆ నిలువెత్తు అద్దం ఊడదీసి మళ్ళీ బిగించాలి.

అద్దానికి లోపలివైపు ప్లాస్టిక్ పట్టా కప్పి, గాలి చొరకుండా చుట్టూ టేపు వేయాలి. బావ ఎవరినీ నమ్మడు. అంతా తన చేత్తోనే అంటించాడు. ఆఖరి ముక్క నొక్కి వెనక్కి తిరిగితే, పట్టా ముక్కుకి తగిలింది. పట్టాకీ అద్దానికీ మధ్య నిలబడి టేపు వేసుకున్నాడు.

"చింపుకుని పో బావా," అన్నాడు ఫిట్టరు, వీధిలోంచి.

"గంట కష్టం. చింపను."

"ఊపిరాడుతోందా మరి?"

"ఎక్కడ? ఆడి చావడం లేదు."

"అంటే గాలి రావట్లేదనేగా. పాసని రాసెయ్."

 బావ చెమటలు కక్కుతూ జేబులోంచి కాగితం తీసి, అద్దానికి ఆనించి రాయడం మొదలుపెట్టాడు. "ఏ జన్మలో చేసిన పాపమో, ఆ ఇంటి పిల్లని చేసుకున్నాను," అని తనలో తాను గొణుక్కున్నాడు.

"మధ్యలో మా అక్కేం చేసింది బావా?"

పెన్ను ఆగింది.

"నేను లోపల గొణిగింది బయట నీకెలా వినపడిందిరా?"

ఫిట్టరు మొహం పాలిపోయింది. వెంటనే చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంటి బావా? ఒక్క ముక్క వినపడటం లేదు."